తలకిందులయ్యే బొంగరం: పని డైరీ

జూన్ 8, ఆదివారం

ఈరోజు మిరుగు. దేవరకొండ మార్కెట్లో తోసుకుంటూ తెచ్చిన రవ్వ చేపలు పొయ్యి మీద ఉడుకుతుంటే మా చిన్నది అరచేతిలో రెండు ముక్కలు పెట్టుకుని వచ్చింది. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో కొన్న ప్లాస్టిక్ బొంగరం అది. కాడ ఊడిపోయింది.

ఈ బొంగరానికి ములికి ఉండదు, తాడు ఉండదు. కిందంతా గుండ్రని గుండు, పైన కోసినట్టు చదును, ఆ చదును మధ్యలో చిటికెనవేలంత కాడ. కాడను రెండు వేళ్లతో పట్టి గిర్రున తిప్పి వదిలితే కాసేపు మర్యాదగా తిరుగుతుంది. తర్వాత ఒక పక్కకు ఒరిగి, ఇంకా ఒరిగి, ఒక్కసారిగా తలకిందులై కాడ మీద లేచి నిలబడి తిరుగుతుంది. గుండు పైకి పోతుంది. బరువైన భాగం తనంతట తానే పైకెక్కడం చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. స్వీడన్‌లోని లుండ్‌లో నీల్స్ బోర్, వుల్ఫ్‌గాంగ్ పౌలీ ఇద్దరూ నడుములు వంచి, నేల మీద తిరిగే ఇలాంటి బొంగరాన్ని పిల్లల్లా చూస్తున్న ఫొటో ఒకటి ఉంది. ఇద్దరూ నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్తలు. కాబట్టి నేను నోరు తెరుచుకుని చూడటంలో సిగ్గేమీ లేదు.

ఫెవిక్విక్‌తో అతికించి చూశాను. రెండు తిప్పులకే మళ్లీ ఊడింది. బాల్‌పెన్ గొట్టం ముక్క పెట్టి చూశాను, అదీ వంకరగా కూర్చుంది. "కొత్తది కొను" అంటుంది మా ఇంటామె. నుమాయిష్ మళ్లీ జనవరిలోనే. సరే, మనమే కట్టెతో చేద్దాం అనుకున్నాను. షరతు ఒక్కటే: నా వేళ్లతో తిరగబడితే చాలదు, ఎనిమిదేళ్ల పిల్ల తిప్పినా తిరగబడాలి.

జూన్ 11, రాత్రి

జిరాక్స్ దుకాణం మూసేశాక ఎక్సెల్ ముందు కూర్చున్నాను. ఈ బొమ్మ కొత్తదేం కాదు. 1891లోనే జర్మనీలోని మ్యూనిక్‌లో హెలెనే స్పెర్ల్ అనే ఆవిడ దీనికి పేటెంట్ అడిగింది. లెక్కలు మాత్రం చాలా తర్వాత, ఒకరి తర్వాత ఒకరు కూర్చుని తేల్చారు. వాళ్ల లెక్కల సారం నాకు అర్థమైనంత వరకు రాసుకుంటున్నాను, రేపు మర్చిపోతాను కాబట్టి.

చూసుకోవలసినవి రెండు. ఒకటి, బొంగరం గురుత్వ కేంద్రం గుండు నడిమధ్య బిందువు కంటే ఎంత కిందుంది అన్నది. దాన్ని గుండు అర్ధవ్యాసంతో భాగిస్తే వచ్చేదాన్ని "దిగుడు" అని పిలుచుకుంటాను. రెండోది, జడత్వ భ్రామకాల నిష్పత్తి. బొంగరాన్ని కాడ చుట్టూ తిప్పడానికి ఎంత మొరాయిస్తుంది, పల్టీ కొట్టించడానికి ఎంత మొరాయిస్తుంది అన్న రెండు అంకెలు. పల్టీ అంకెను తిప్పుడు అంకెతో భాగించాలి.

ఆ నిష్పత్తి, ఒకటిలోంచి దిగుడును తీసేస్తే వచ్చే అంకె కంటే ఎక్కువ ఉండాలి. ఒకటికి దిగుడును కలిపితే వచ్చే అంకె కంటే తక్కువ ఉండాలి. కింది హద్దు దాటకపోతే ఎంత వేగంగా తిప్పినా మామూలు బొంగరంలా నిటారుగానే తిరుగుతుంది. పై హద్దు దాటిపోతే సగంలో ఒరిగి అక్కడే ఉండిపోతుంది, పూర్తిగా లేవదు.

30 మి.మీ. వ్యాసం ఉన్న గుండు అనుకున్నాను. నడిమధ్య నుంచి 7.5 మి.మీ. పైన అడ్డంగా కోత. ఆ కోత మీద 6 మి.మీ. మందం, 13.5 మి.మీ. పొడవున్న కాడ. మొత్తాన్ని అర మిల్లీమీటరు మందం బిళ్లలుగా కోసినట్టు ఊహించుకుని ఒక్కో బిళ్ల బరువు, జడత్వం వరసగా కూడుకుంటూ పోయాను. పన్నెండున్నరకు కరెంటు పోయింది. సేవ్ చేయలేదు. ఈ వాక్యం టార్చ్ వెలుగులో రాస్తున్నాను.

జూన్ 15, ఆదివారం

వడ్లాయన దగ్గరికి పోయాను. మా వీధి చివర రేకుల షెడ్డు, దాంట్లో మోటారు బిగించిన లేత్. మంచం కోళ్లు, చపాతీ కర్రలు తిప్పుతాడు. నేను కాగితం మీద గీసిన బొమ్మ చూసి అద్దాలు పైకెత్తాడు.

"ములికి ఏది?"

"ములికి లేదు కాకా. ఇది నెత్తి మీద నిలబడే బొంగరం."

"ములికి లేనిది బొంగరమెట్లయితది తమ్మీ?"

ఎంత చెప్పినా ఆయన చెయ్యి ఒప్పుకోలేదు. కాడ కట్టెదైతే రెండు రోజులకు విరుగుతుందని 6 మి.మీ. బోల్టు బిగించాడు. నాకూ అది సబబే అనిపించింది. విరిగిన కాడతోనే కదా ఈ పని మొదలైంది. తీరా నేల మీద పెడితే తిప్పకముందే పక్కకు పడుకుంది. లేపితే మళ్లీ పడుకుంది. బోల్టు బరువు మూడు గ్రాముల పైనే, కట్టె గుండు మొత్తం పది గ్రాములు లేదు. గురుత్వ కేంద్రం గుండు మధ్య కంటే పైకి పోయింది. అలాంటిది బొంగరం కాదు, నిద్రమొహం.

"మరి కట్టెదే పెడదాం. విరిగితే నన్ననొద్దు" అన్నాడు.

కర్ర గురించి ఒక మాట రాయాలి. మొదట చేసింది పచ్చి తుమ్మతో. ఆయనే వద్దని, షెడ్డు వెనక పడేసి ఉన్న పాత ఎడ్లబండి చక్రం లోంచి ఒక ఆకు ఊడదీశాడు. నా చిన్నప్పటి నుంచీ ఎండకు ఎండిన తుమ్మ అది. ఉలి తగిలితే రాయి మీద తగిలినట్టు చప్పుడు చేసింది. పచ్చి కర్రతో చేసిన గుండును ఊరికే ఇంటికి తెచ్చుకున్నాను, దాని సంగతి తర్వాత తెలిసింది: వారం తిరిగేసరికి ఒక వైపు దాదాపు అర మిల్లీమీటరు కుంచించుకుపోయి కోడిగుడ్డు బాట పట్టింది.

జూన్ 17

చక్రం ఆకుతో చేసిన మొదటి గుండు, కట్టె కాడతో. బంగారం దుకాణం కాంటా మీద పెట్టించాను: 9.9 గ్రాములు. లెక్కలో 9.8 వచ్చింది. ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు. ఆ సంతోషం ఇంటికొచ్చేదాకానే.

20 సార్లు తిప్పాను. 17 సార్లు నిటారుగా, హాయిగా, దేవుడిలా తిరిగి తిరిగి పడిపోయింది. 3 సార్లు మాత్రం తలకిందులైంది. అసలు కాకపోతే వదిలేసేవాణ్ని. మూడుసార్లు అయింది కాబట్టి నిద్ర పట్టలేదు.

పోయిన లెక్క మళ్లీ కట్టాను, ఈసారి సేవ్ చేసుకుంటూ. దిగుడు 0.092, అంటే గురుత్వ కేంద్రం మధ్య నుంచి కేవలం 1.4 మి.మీ. కింద. కింది హద్దు 0.908. నా బొంగరం నిష్పత్తి 0.905. వెయ్యిలో మూడు పాళ్లు తక్కువ. సరిహద్దుకు అంత దగ్గరగా ఉంది కాబట్టే దోబూచులాడుతోంది. లెక్కను ఇంకొంచెం ముందుకు లాగితే, ఈ బొంగరం నిటారుగా వదిలితే తిరగబడదు గానీ కాడను 15 డిగ్రీలకు మించి వంచి వదిలితే తిరగబడాలని వచ్చింది. లేచి వెళ్లి కాడను బాగా వంచి తిప్పాను. పల్టీ కొట్టింది. మళ్లీ తిప్పాను, మళ్లీ కొట్టింది. రాత్రి ఒంటిగంటకు వంటింటి బండ మీద టకటకలాడిస్తుంటే లోపలి నుంచి నాలుగు మాటలు పడ్డాయి.

జూన్ 18

వాన రాలేదు. దుకాణానికొచ్చిన వాళ్లంతా విత్తనాల మాటే. ఎల్‌నినో ఉందా లేదా అని ఒకాయన ఫోన్లో వీడియో చూపిస్తున్నాడు.

దాంతో గుర్తొచ్చింది. తిరిగే వస్తువుల మీద లెక్కలు కట్టిన వాళ్లలో గిల్బర్ట్ వాకర్ ఒకడు. 1890ల్లో ఇంగ్లండులో ఆయన కొత్తరాతియుగం నాటి నునుపు రాతిగొడ్డళ్ల గురించి రాశాడు. వాటిలో కొన్నింటిని బల్ల మీద పెట్టి ఒక వైపు తిప్పితే చక్కగా తిరుగుతాయి. రెండో వైపు తిప్పితే గడగడా ఊగి, ఆగి, వాటంతట అవే మొదటి వైపుకు తిరగడం మొదలుపెడతాయి. పొట్ట ఒంపు, బరువు పంపకం ఒకదానికొకటి కాస్త మెలికగా ఉండటమే కారణం. అదే వాకర్ 1904లో మన దేశానికి వచ్చి 1924 దాకా వాతావరణ శాఖకు పెద్దగా ఉన్నాడు. రుతుపవనాలు ఎందుకు తప్పుతాయో కనిపెట్టాలని ప్రపంచం నలుమూలల నుంచి గాలి ఒత్తిడి అంకెలు తెప్పించి, సదరన్ ఆసిలేషన్ అని ఇప్పుడు ఎల్‌నినోతో కలిపి చెప్పే ఊగులాటను పట్టుకున్నాడు. బొంగరాల పిచ్చి ఉన్నవాడు మన వానల లెక్క కట్టాడన్నమాట. అలాంటి నునుపు రాతిగొడ్డళ్లు మన పాలమూరు, నల్లగొండ చేలల్లో కూడా దొరికాయి. ఒకటి చేతికి చిక్కితే తిప్పి చూడాలని ఉంది. ప్రస్తుతానికి తుమ్మకర్రే.

జూన్ 22, ఆదివారం

ఏం చేయాలో రెండు దారులున్నాయి. అడుగున సీసం పోయడం ఒకటి. లెక్కలో బ్రహ్మాండంగా వస్తుంది. కానీ పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులో సీసం పెట్టను. ఇనుప గోలీ దించవచ్చు గానీ, పైకెత్తాల్సిన బరువు కూడా పెరుగుతుంది, వేళ్ల బలం చాలదు.

రెండో దారి తీసేయడం. కాడ చుట్టూ పైనుంచి గాడి తవ్వితే పై బరువు తగ్గి కేంద్రం కిందికి దిగుతుంది. నిష్పత్తి కూడా కొంచెం తగ్గుతుంది, అది మనకు నష్టమే. కానీ దిగుడు పెరిగినంతగా హద్దు కిందికి జరుగుతుంది, ఆ జరుగుడు ఎక్కువ. కాడ మొదలు నుంచి 4.5 మి.మీ. వెడల్పు, 7.5 మి.మీ. లోతు గాడి అనుకుంటే దిగుడు 0.126, హద్దు 0.874, నిష్పత్తి 0.884. గట్టెక్కింది.

వడ్లాయనకు గాడి తవ్వడం నచ్చలేదు. అంత సన్నని సందులో ఉలి పట్టదు. పాత హాక్సా బ్లేడును సాన పట్టి సన్న ఉలి చేశాడు. మొదటి గుండుకు కాడ తెగి షెడ్డు పైకప్పు రేకుకు తగిలింది. రెండోది నిలబడింది. 8.9 గ్రాములు.

నేను తిప్పితే 20కి 18. వంచకుండా, నిటారుగా వదిలితేనే ఈ మాట. గంతులేశాను. చిన్నది తిప్పితే 10కి 1.

ఫోన్లో స్లో మోషన్ పెట్టాను. సెకనుకు 240 ఫ్రేములు. కోత అంచు మీద సున్నంతో ఒక చుక్క పెట్టి, ఆ చుక్క మళ్లీ అదే చోటికి ఎన్ని ఫ్రేములకు వస్తుందో లెక్కపెట్టాను. నేను తిప్పితే 11 ఫ్రేములకు ఒక చుట్టు, అంటే సెకనుకు దాదాపు 22 చుట్లు. పిల్ల తిప్పితే 18 ఫ్రేములు, 13 చుట్లు. ఈ గుండు నిటారు నుంచి కదలాలంటే లెక్క ప్రకారం సెకనుకు 19 చుట్లు కావాలి. నిష్పత్తి హద్దును దాటడమే కాదు, ఎంత బాగా దాటితే అంత తక్కువ వేగానికి తిరగబడుతుంది. నాది అంచు మీద నడుస్తోంది.

"నీకైతే అయితది, నాకు కాదు. ఇది పెద్దోళ్ల బొంగరం" అని మూతి ముడుచుకుంది.

జూన్ 29, ఆదివారం

గాడి వెడల్పు 6, లోతు 9 మి.మీ.కి పెంచాం. 8.2 గ్రాములు. దిగుడు 0.149, హద్దు 0.851, నిష్పత్తి 0.883. కావలసిన వేగం 19 చుట్ల నుంచి 11కి పడిపోయింది. పిల్ల 10కి 8 సార్లు తలకిందులు చేసింది. మిగతా రెండు సార్లు తిప్పడమే సరిగా తిప్పలేదని తనే ఒప్పుకుంది, ఆ మాట రాయమంది, రాశాను.

సాయంత్రమంతా నేలలు మార్చి చూశాను. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది.

మామూలు బొంగరం ఆడే రోజుల్లో ములికిని బండ మీద రాసి రాసి నునుపు చేసేవాళ్లం. రాపిడి ఎంత తగ్గితే అంత ఎక్కువసేపు తిరుగుతుంది, రాపిడి శత్రువు. ఈ బొంగరానికి రాపిడే పని చేసే కూలీ. ఇంటి ముందు తాండూరు బండ మీద రెండు సెకన్లలో పల్టీ. దుకాణంలోని గాజు కౌంటరు మీద నాలుగైదు సెకన్లు పట్టింది. స్టీలు తాంబాలానికి కొబ్బరినూనె రాసి తిప్పితే సగం ఒరిగి, జారుకుంటూ అంచు దాకా పోయి, వేగం అయిపోయి పడిపోయింది. చాప మీద మొదలే కాలేదు.

జరిగేది ఇది. బొంగరం కొద్దిగా ఒరిగినప్పుడు నేలకు తగిలే చోటు దాని కాడ గీత మీద ఉండదు, కొంచెం పక్కన ఉంటుంది. అక్కడ గుండు నేల మీద దొర్లకుండా జారుతుంది. ఆ జారుడును నేల ఆపబోతుంది. ఆ ఆపడమే మెలిపెట్టి గుండును ఇంకాస్త ఒరిగేలా చేస్తుంది, ఒరిగిన కొద్దీ కేంద్రం పైకి లేస్తుంది. లేవడానికయ్యే ఖర్చు తిప్పుడు వేగంలోంచి పోతుంది. వీడియోలో అది కనిపించింది: ముందు 12 ఫ్రేములకు ఒక చుట్టు, కాడ మీద నిలబడ్డాక 18 ఫ్రేములకు ఒకటి. వేగం మూడింట రెండు వంతులకు పడిపోయింది. గురుత్వ కేంద్రం మాత్రం సుమారు పదిన్నర మి.మీ. పైకెక్కింది.

ఇంకో తమాషా. పైనుంచి చూస్తే బొంగరం గడియారం ముల్లు వైపు తిరిగింది. తలకిందులయ్యాక కూడా పైనుంచి చూస్తే అదే వైపు. కానీ వస్తువు తిరగబడింది కదా! అంటే గుండు వైపు నుంచి ఆలోచిస్తే అది తన కాడ చుట్టూ ఎదురు దిక్కుకు తిరుగుతోంది. ఎక్కడో మధ్యలో ఆగి దిక్కు మార్చుకోవాలి. గుండు మీద స్కెచ్ పెన్నుతో బాణం గీసి మళ్లీ వీడియో తీశాను. కాడ దాదాపు అడ్డంగా పడుకున్న దగ్గర, కొన్ని ఫ్రేముల పాటు, బాణం కాడ చుట్టూ తిరగడం మానేసింది. బొంగరం మొత్తం తిరగలి రాయి మీది పిడిలా గిరగిరా పోతోంది గానీ తన కాడ చుట్టూ తాను తిరగడం లేదు. తర్వాత బాణం వెనక్కి నడక మొదలుపెట్టింది. ఆ ముక్కను ఇప్పటికి ముప్పైసార్లు చూసుంటాను. వడ్లాయనకు చూపిస్తే, "గిది మోసం లేదు కదా?" అని ఫోన్ వెనక్కి తిప్పి చూశాడు.

జూలై 6, ఆదివారం

నిన్న సాయంత్రం వడ్లాయన కబురు పెట్టాడు. నేను చెప్పకుండానే ఒకటి చేసి ఉంచాడు. గాడి లేదు. దాని బదులు కోత నుంచి కాడ మొదలు దాకా గిన్నెలా వాలుగా తొలిచాడు. పైన వెడల్పు, కింద సన్నం. కాడ కూడా నా గీతలో ఉన్నదానికంటే ఎక్కువే ఉంది.

"కాకా, కాడ 13.5 అని రాసిన కదా."

"రాసినవ్. పిల్ల వేళ్లు ఆ సందులకు పోతయా? మొన్న చూసిన, గోర్లతోని పట్టుకుంటుంది పాపం. ఇట్ల గిన్నె లెక్క ఉంటె వేళ్లు దిగుతయ్. పట్టు దొరకాల్నని కాడ గింత పెంచిన."

లోపల కొంచెం చిరాకేసింది. నెల రోజుల లెక్క. కాడ పెరిగితే బరువు పైకి పోతుంది కదా అని, ఏమీ అనకుండా ఇంటికి తెచ్చి ఎక్సెల్‌లో పెట్టాను. గిన్నె ఒక్కటే చేసి కాడ నా కొలతకే ఉంచి ఉంటే నిష్పత్తి 0.867, హద్దు 0.847. అంటే నా గాడి కంటే తక్కువ రకమే, కావలసిన వేగం 14 చుట్లు, పిల్ల చేతికి అందదు. కానీ ఆయన కాడ రెండు మిల్లీమీటర్లు పెంచాడు. ఆ రెండు మిల్లీమీటర్ల కట్టె నడిమధ్యకు చాలా దూరంగా ఉంది కాబట్టి పల్టీ అంకెను బాగా పెంచింది, దిగుడును మాత్రం కొంచెమే తగ్గించింది. నిష్పత్తి 0.898, హద్దు 0.855. సెకనుకు 10 చుట్లు చాలు.

చిన్నది పొద్దున లేచి ముఖం కూడా కడగకుండా తాండూరు బండ మీద కూర్చుని 20 సార్లు తిప్పింది. 20 సార్లూ తలకిందులైంది. నేను నా కాగితం మీద 13.5 కొట్టేసి 15.5 అని రాశాను. చక్రం ఆకులు ఇంకా పదకొండు ఉన్నాయట.